బడి మూయబడినప్పుడు బాలుర నరయువారు

ఉపాధ్యాయుడు బాలుని చదువు నెఱుగును. వైద్యుడు వాని దేహస్థితి నెఱుగును. ఇంటికిని బడికిని నడుమ నిలిచి, బాలుని చదువునకు గలుగు విఘ్నములను గనిపెట్టి తొలగించువాడు పాఠశాలా సంఘసేవకుడు. ఈ పని 1906-07 సంవత్సరములలో అమెరికాయందలి న్యూయార్కు, బోస్టను, హార్ట్‌ఫర్డు నగరములలో ఆరంభమయ్యెను. ఆ దినములలో వీరిని 'ఇండ్లకు బోవు ఉపాధ్యాయులు' అనెడివారు. ఆ పేరే వారి పనిని దెలుపుచున్నది.

ఇట్టివారి యావశ్యకత మన పాలమూరు, నల్లగొండ సీమలకు 2020వ సంవత్సరమున బోధపడెను. ఆ మార్చి నెలలో కరోనా వ్యాధి కారణమున తెలంగాణమందలి పాఠశాలలన్నియు మూయబడెను. బడితోపాటు మధ్యాహ్న భోజనమును నిలిచెను. పాలమూరునుండి హైదరాబాదు, ముంబయి మొదలగు నగరములకు వలసపోయిన కూలి కుటుంబములు అనేకములు పనులు లేక స్వగ్రామములకు మరలివచ్చెను. 1 సెప్టెంబరు 2020 నుండి ప్రభుత్వమువారు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారములద్వారా పాఠములు చెప్పించిరి. అయినను, ఇంట టెలివిజన్ గాని ఫోను గాని లేని బాలుడు వాని నెట్లు వినగలడు? ఉన్న యొక్క ఫోనును తండ్రి కూలికి గొనిపోయిన దినమున పాఠమును బోయినట్లే.

ఒక యుదాహరణము చూతము. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె పది దినములుగా పాఠము వినుట లేదనుకొందము. హాజరుపట్టీ యింతమాత్రమే చెప్పగలదు. సంఘసేవకుడు ఆ యింటి యరుగుమీద గూర్చుండి తల్లితో మాటలాడినచో కారణము బయటపడును. ఆ పిల్ల పత్తిచేనికి బోవుచుండవచ్చును. ఇంట రోగి యుండవచ్చును. లేదా పెండ్లిమాటలు నడచుచుండవచ్చును. కారణమును బట్టియే చికిత్స. రోగి యున్నచో ఆశా కార్యకర్తకు దెలుపవలెను. ఆకలి యున్నచో చౌకధరల దుకాణపు బియ్యము చేరుచున్నదో లేదో విచారింపవలెను. పెండ్లి తలపెట్టినచో, పదునెనిమిదేండ్లు నిండని బాలికకు వివాహము చేయుట 2006వ సంవత్సరపు చట్టమునకు విరుద్ధమని పెద్దలకు నచ్చజెప్పవలెను. వినకున్నచో బాలల సహాయమునకై యేర్పడిన 1098 సంఖ్యకు ఫోను చేయవలెను.

మన సర్కారు బడులలో ఈ యుద్యోగము సామాన్యముగా లేదు. ఆ కష్టకాలమున ఉపాధ్యాయులును, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలును ఈ భారమును గొంతవఱకు మోసిరి. వారి శ్రమ శ్లాఘనీయము. కాని యొకరికి పాఠము, ఒకరికి పోషణము, ఒకరికి రోగము ముఖ్యకార్యమై యుండగా, బాలుని స్థితినంతయు గలిపి చూచువారు కొఱవడిరి.

బడి తలుపు తెఱచినంతనే బాలురందఱు మరలిరారు. కూలికి అలవాటుపడిన బాలుడు, తోటివారికంటె వెనుకబడితినని సిగ్గుపడి యింటనే నిలిచిపోవును. ఆఱు మొదలు పదునాలుగేండ్ల లోపు అట్టివారిని వయస్సునకు దగిన తరగతిలో జేర్చుకొని ప్రత్యేకశిక్షణ నీయవలెనని 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము విధించుచున్నది. తలిదండ్రు లీ సంగతి నెఱిగియుండుట మేలు.

విద్యార్థులారా! మీ ప్రక్కచోటు మూడు దినములు ఖాళీగా నున్నచో ఊరకుండకుడు. ఆ యింటికి బోయి కారణమరసి మీ ఉపాధ్యాయునకు దెలుపుడు. సంఘసేవ యచటనే మొదలగునని మా నమ్మకము.