పిస్టన్ విమాన ఇంజిన్‌లో ఆయిల్ పీడనం తగ్గుదల: కారణ నిర్ధారణ క్రమం

వ్యాససంగ్రహం: పిస్టన్ విమాన ఇంజిన్‌లో ఆయిల్ పీడనం తగ్గడానికి కారణాలు అనేకం. వాటిలో కొన్ని కొలత పరికరానికి, కొన్ని ఆయిల్ సరఫరాకు, మరికొన్ని ఇంజిన్ లోపలి అరుగుదలకు సంబంధించినవి. కారణం తేలకముందే రిలీఫ్ వాల్వ్‌ను సవరించి పీడనాన్ని పెంచితే అరుగుదల మరుగునపడుతుంది. సెస్నా 172ఎస్ విమానాన్ని ఆధారంగా చేసుకొని కారణ నిర్ధారణ క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: ఆయిల్ పీడనం, స్నిగ్ధత, రిలీఫ్ వాల్వ్, బేరింగ్ అరుగుదల, విమాన నిర్వహణ.

1. ఉపోద్ఘాతం

భారతదేశంలోని వైమానిక శిక్షణ సంస్థలు వాడే విమానాల్లో సెస్నా 172 ఒకటి. దాని 172ఎస్ రకంలో 180 అశ్వశక్తి గల లైకమింగ్ ఐఓ-360-ఎల్2ఎ ఇంజిన్ ఉంటుంది. ఈ ఇంజిన్‌లో ఆయిల్ పీడనం చదరపు అంగుళానికి 50 నుండి 90 పౌండ్ల మధ్య ఉండటం సాధారణం. కనిష్ఠ పరిమితి 20 పౌండ్లు, గరిష్ఠ పరిమితి 115 పౌండ్లు. విమానానికి ఉన్నది ఒక్కటే ఇంజిన్ కనుక, బేరింగులకు ఆయిల్ అందకపోతే ఇంజిన్ బిగుసుకుపోయి ప్రాణాపాయం కలగవచ్చు.

2. పీడనం ఏర్పడే తీరు

పళ్లచక్రాల పంపు సంప్‌లోని ఆయిల్‌ను పీల్చి ముందుకు నెడుతుంది. పంపు చేసే పని ప్రవాహాన్ని కల్పించడం. బేరింగుల ఇరుకు సందులు ఆ ప్రవాహాన్ని నిరోధించడం వల్ల పీడనం ఏర్పడుతుంది. కనుక సందులు అరిగి వెడల్పైనా, వేడికి ఆయిల్ స్నిగ్ధత తగ్గినా, పంపుకు ఆయిల్ సరిగా అందకపోయినా పీడనం పడిపోతుంది. పీడనం హద్దు మీరినప్పుడు స్ప్రింగు ఆనుకొని ఉన్న రిలీఫ్ వాల్వ్ తెరుచుకొని, అదనపు ఆయిల్‌ను సంప్‌కు మళ్లిస్తుంది. ఇంజిన్ మందగతిలో తిరిగేటప్పుడు, వాల్వ్ సక్రమంగా ఉంటే, అది మూసుకొనే ఉంటుంది. అప్పటి పీడనం పంపు, స్నిగ్ధత, సందులపైనే ఆధారపడుతుంది.

3. పరిశీలన క్రమం

3.1. మొదట ఆయిల్ మట్టం చూడాలి. 172ఎస్ సంప్ సామర్థ్యం 8 క్వార్టులు. 5 క్వార్టులకు తగ్గితే ఎగరరాదు. మట్టం తగ్గి పంపు గాలిని పీలిస్తే ముల్లు ఊగిసలాడుతుంది. పీల్చు మార్గంలో గాలి చొరబడినా ఇదే లక్షణం కనిపిస్తుంది. ఆయిల్ రకం ఋతువుకు తగినదో కాదో కూడా సరిచూడాలి.

3.2. తరువాత కొలతను పరీక్షించాలి. సరిచూసిన మరొక పీడనమాపకాన్ని నేరుగా అమర్చి రెండింటినీ పోల్చితే, లోపం పరికరంలో ఉందా, ఇంజిన్‌లో ఉందా అన్నది తేలుతుంది.

3.3. ఆయిల్ ఉష్ణోగ్రత అధికంగా ఉంటే కూలర్‌ను, దానికి ఆయిల్‌ను మళ్లించే ఉష్ణనియంత్రక వాల్వ్‌ను చూడాలి. ఇక్కడ పీడనం తగ్గడం పర్యవసానం మాత్రమే.

3.4. అన్ని వేగాల్లోనూ పీడనం తక్కువగా ఉంటే రిలీఫ్ వాల్వ్‌ను విప్పి, బంతికీ దాని పీఠానికీ మధ్య మలినం చేరిందేమో, స్ప్రింగు బలహీనపడిందేమో పరిశీలించాలి. సంప్‌లోని పీల్చు జల్లెడను కూడా శుభ్రపరచి చూడాలి.

3.5. ఫిల్టర్‌ను కోసి, మడతల్లో చిక్కిన లోహపు రేణువులను అయస్కాంతంతో పరీక్షించాలి. అంటుకొనేవి ఉక్కు భాగాలవి. అంటుకోని రేణువులు బేరింగులవి కావచ్చు. వేడెక్కిన ఇంజిన్‌లో మందగతి పీడనం నెలనెలా తగ్గుతుంటే అరుగుదలను గట్టిగా అనుమానించాలి.

4. తొందరపాటు సవరణ

లైకమింగ్ ఇంజిన్లలో కొన్నింట రిలీఫ్ వాల్వ్ స్ప్రింగు బలాన్ని స్క్రూతోను, కొన్నింట వాషర్లతోను సవరించవచ్చు. తయారీదారు సూచించిన హద్దుల్లో, సరైన ఉష్ణోగ్రత వద్ద చేసే సవరణ సమ్మతమే. అయితే వాల్వ్ గుండా కొంత ఆయిల్ ఇంకా వెనుకకు పోతున్నంతవరకే స్క్రూ బిగింపు ఫలిస్తుంది. అరుగుదల తొలిదశలో ఇలా బిగిస్తే ప్రయాణ వేగంలో ముల్లు పచ్చగీతలోకి వస్తుంది; లోపల సందులు మాత్రం పెరుగుతూనే ఉంటాయి. నిర్వహణ పుస్తకంలో పీడనం నిలకడగా ఉన్నట్లు నమోదవుతుంది. తరువాత వచ్చే ఇంజినీరుకు, పైలట్‌కు ముందస్తు హెచ్చరిక దక్కదు. కనుక ప్రతి సవరణకు ముందు, తరువాత ఉన్న పీడనాలను వేగం, ఉష్ణోగ్రతలతో సహా నమోదు చేయడం అవసరం.

5. పైలట్ నిర్ణయం

ఇంజిన్ ప్రారంభమైన 30 సెకన్లలో, అతిశీతల వాతావరణంలో సుమారు ఒక నిమిషంలో, పీడనం కనిపించకపోతే ఇంజిన్‌ను ఆపివేయాలి. గగనతలంలో పీడనం తగ్గినా ఉష్ణోగ్రత సాధారణంగా ఉంటే మాపకంలోనో రిలీఫ్ వాల్వ్‌లోనో లోపం ఉండవచ్చు. అయినా సమీప విమానాశ్రయంలో దిగాలి. పీడనం పూర్తిగా పడిపోయి ఉష్ణోగ్రత పెరుగుతుంటే ఇంజిన్ వైఫల్యం ఆసన్నమైనట్లే. వెంటనే శక్తిని తగ్గించి, అత్యవసరంగా దిగడానికి అనువైన స్థలాన్ని ఎంచుకోవాలి. ఆయిల్ అంతా కారిపోతే ఉష్ణమాపక గ్రాహకాన్ని తాకే ఆయిల్ ఉండదు కనుక, సాధారణ ఉష్ణోగ్రతను చూసి నిశ్చింతగా ఉండరాదు.

6. ముగింపు

ఆయిల్ పీడనమాపకం చూపే ఒక్క అంకెలో పంపు, స్నిగ్ధత, వాల్వ్, సందులు అన్నింటి ప్రభావమూ కలిసి ఉంటుంది. వాటిని విడదీసి చూడటానికే పై క్రమం. మట్టం, మాపకం, ఉష్ణోగ్రత, వాల్వ్, ఫిల్టర్ అనే వరుసలో పరిశీలన సాగితే సులభమైన కారణాలు ముందే తొలగిపోతాయి. ఇంజిన్‌ను విప్పే నిర్ణయానికి తగిన ఆధారం లభిస్తుంది. ఆ వరుస పూర్తికాకముందు రిలీఫ్ వాల్వ్ స్క్రూను ముట్టరాదు.