ఇంటిలో కచేరీ: ధ్వని గుణమును గుర్తించుట యెట్లు?

ఇటీవల విరుదునగరమున బంధువుల యింట మేము కొందరము కూర్చుండి ఒక కర్ణాటక సంగీత కచేరీ చిత్రమును చూచితిమి. ఆ యింట క్రొత్తగా హోమ్ థియేటరు అమర్చిరి. అయిదు స్పీకర్లు గోడల పైభాగమున, పైకప్పునకు చేరువగా బిగింపబడినవి. మంద్రధ్వనులకై ఏర్పడిన సబ్‌వూఫరు పెట్టె ఒక మూలనుండెను. మృదంగము మ్రోగినప్పుడెల్ల కిటికీ తలుపులు అదరెను. అందరును "ఆహా" యనిరి.

ఆ యింటి బాలిక యేడవ తరగతి చదువుచున్నది. పాఠశాలలో పాడుటకై ఆమె కీర్తనలోని మాటలను విని పుస్తకమున వ్రాసికొనుచుండెను. అవ్వగారు అద్దములు పెట్టుకొని ఆ పుటను చూచి, "చిలకకూ ఈ కీర్తనకూ ఏం సంబంధమే?" అని అడిగిరి. "సుఖము" అని యుండవలసిన చోట బాలిక "శుకము" అని వ్రాసినది. "అట్లే వినబడింది అవ్వా" అని ఆమె బదులు చెప్పెను. మరల రెండుమార్లు వినిపించిరి. పెద్దలమైన మాకును ఆ అక్షరము తేలలేదు. తప్పు బాలికది కాదు, గాయనిది కాదు. తప్పు ఆ గదిలో వినబడిన ధ్వనిలోనే యున్నది.

ఈ చిన్న సంఘటన మనవంటి వారికి చిన్నది కాదు. ఆంధ్రదేశమున పెరుగు బిడ్డకు వీధిలోని ప్రతి పలకయు తెలుగు పాఠమే. కోవిల్‌పట్టిలో, విరుదునగరములో పెరుగు మన బిడ్డకు ఇల్లు, బడి, పాట, ఈ మూడే ఆధారములు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకే అక్షరము. అది ఆ భాషకు సహజమైన ఏర్పాటు. కాని మన పిల్లలు ఒత్తక్షరములను, శ, ష, స భేదమును వినియే నేర్వవలెను. అందుచేత ఇంటిలోని యంత్రము మాటను స్పష్టముగా పలుకుచున్నదా లేదా యని పరీక్షించుట మనకు వినోదము మాత్రమే కాదు, చదువులో భాగము.

మన ప్రాంతమునకు ఈ శ్రద్ధ క్రొత్తది గాదు. కోవిల్‌పట్టికి చేరువనున్న ఎట్టయపురమున ముత్తుస్వామి దీక్షితులవారు 1835లో పరమపదించిరి. అదే ఎట్టయపురము నుండి సుబ్బరామ దీక్షితులవారి "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" 1904లో తెలుగున వెలువడినది. అందు స్వరములతోబాటు గమకములకును ప్రత్యేక చిహ్నములు కలవు. కంఠములోని సూక్ష్మమైన కదలికను కాగితముపై నిలుపవలెనని ఆ మహనీయులు పడిన శ్రమ అది. నేడు ఆ కదలికయే స్పీకరు గుండా మన యింటికి వచ్చుచున్నది. దానిని చెడకుండ వినుట మన వంతు.

కచేరీ చిత్రమనగా కథ కొరకు గాక, జరిగిన కచేరీనే చూపుటకు తీసిన చిత్రము. 1970లో వెలువడిన అమెరికా చిత్రము "వుడ్‌స్టాక్", 2017లో వెలువడిన ఏ. ఆర్. రహమాన్ గారి "వన్ హార్ట్" ఈ జాతివి. ఇట్టి చిత్రములలో గాత్రమునకు, వాద్యములకు వేరువేరు మైకులుంచి ధ్వనిని ముద్రించి, పిమ్మట వానిని తగు పాళ్లలో కలుపుదురు. 5.1 అను పద్ధతిలో ముందు మూడు, ప్రక్కల రెండు స్పీకర్లును, మంద్రధ్వనులకు ఒక సబ్‌వూఫరును ఉండును. సాధారణముగా గాత్రమును వాద్యములును ముందునుండి, శ్రోతల కరతాళధ్వనులును సభాభవనపు మారుమ్రోతయు ప్రక్కలనుండి వచ్చును.

అన్ని చిత్రములును ఇట్టివి కావు. కోవిల్‌పట్టిలో నివసించి 1964లో దివంగతులైన నాగస్వర విద్వాంసులు కారుకురిచ్చి అరుణాచలం గారు 1962 నాటి "కొంజుం సలంగై" చిత్రమున ఎస్. జానకి గారి గానముతో పోటీపడి వాయించిరి. ఆ చిత్రము తెలుగున "మురిపించే మువ్వలు" అను పేర వచ్చినది. నాడు ఆ ధ్వని ఒకే మార్గమున ముద్రింపబడినది. దానిని యంత్రపు మీట నొక్కి అయిదు స్పీకర్లకు పంచినచో అందు లేని సమాచారము క్రొత్తగా పుట్టదు. నాగస్వరము గదియంతట చెల్లాచెదరగును. అట్టి పాత చిత్రములను ఉన్నవి ఉన్నట్లుగా ముందు స్పీకర్లతో వినుటయే మేలు.

ఇక పరీక్షకు పూనుకొందము. మొదట స్పీకర్ల స్థానము చూడవలెను. ముందరి కుడి, ఎడమ స్పీకర్లును వినువాని ఆసనమును కలిపి సమబాహు త్రిభుజముగా నుండవలెను. అనగా ఒక్కొక్క స్పీకరు నడిమి రేఖకు 30 డిగ్రీల దూరమున నుండును. ప్రక్కవి సుమారు 110 డిగ్రీల కడ, చెవులకు కొంచెము వెనుకగా నుండవలెను. ముందరివి కూర్చున్నవాని చెవి యెత్తున నుండుట ముఖ్యము. పైకప్పు చెంత బిగించినచో పాట గాయని ముఖమునుండి గాక మిద్దె మీదనుండి వచ్చినట్లుండును.

రెండవది గది. గది నడుమ నిలిచి ఒక్కమారు చప్పట్లు కొట్టుడు. ఆ ధ్వని ఠంగుమని సాగినచో గోడలు శబ్దమును మరల మరల వెనుకకు త్రోయుచున్నవని యర్థము. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఒక ఉపన్యాసశాలలో మాటలు తెలియకుండెను. అచట పలికిన ధ్వని 5 సెకనులకు పైగా మ్రోగుచుండెను. వాలెస్ సేబిన్ అను ఆచార్యుడు ఆసనముల మెత్తలను తెచ్చి పరచి, అవి పెరిగిన కొలది మారుమ్రోత తగ్గుటను కొలిచి నిరూపించెను. మన యిండ్లలో సిమెంటు గోడలు, నునుపైన రాతి నేలలు మెండు. కాని మన నల్లరేగడి నేల ప్రత్తికి పేరుగన్నది. ఒక దూది పరుపు, దళసరి తెర, పుస్తకముల బీరువా చాలును. ఖరీదైన తీగెల కంటె ఇవి ఎక్కువ మేలు చేయును.

మూడవది మంద్రధ్వని. మృదంగపు ఎడమవైపు నాదము గుండ్రముగా వినబడి వెంటనే ఆగవలెను. అది గుమ్ముమని సాగి తరువాతి దెబ్బపై పడినచో సబ్‌వూఫరు హెచ్చుగా నున్నది, లేదా మూలకు చేరినది. "స" కారపు బలము 4000 హెర్ట్జులకు పైన నుండును. "ఖ" లోని ఒత్తు క్షణకాలపు ఊపిరి మాత్రమే. మంద్రధ్వనియు మారుమ్రోతయు హెచ్చినచో మొదట మునిగిపోవునవి ఇవియే.

నాలుగవది కాలము. గాయని తొడపై తాళము వేయు చేతిని చూడుడు. దెబ్బయు ధ్వనియు కలియవలెను. ధ్వని సెకనులో 45 వేయవ వంతులు ముందుగా గాని, 125 వేయవ వంతులు వెనుకగా గాని వచ్చినచో సామాన్యునికి తేడా తెలియును. టెలివిజన్ బొమ్మను సవరించుటకు పట్టు కాలమే తరచుగా దీనికి కారణము. యంత్రపు అమరికలలో ధ్వనిని కొంచెము ఆపి సరిచేయవచ్చును.

అయిదవది కరతాళధ్వని. నిజమైన చప్పట్లలో వేలకొలది చేతులు విడివిడిగా వినబడును. అది నీటి జాలువలె "స్సు" మని వినబడినచో ధ్వని సమాచారమును మితిమీరి కుదించిరని గ్రహింపవచ్చును.

రెండు యంత్రములను పోల్చునప్పుడు ధ్వని స్థాయిని సమానముగా నుంచుట మరువరాదు. ఏమాత్రము బిగ్గరగా నున్నదియే చెవికి మేలుగా తోచును. దుకాణములలో మనము మోసపోవుట ఇచటనే. శివకాశి టపాకాయ బిగ్గరగా పేలును, దానిని సంగీతమనువాడు లేడు. బిగ్గరదనమునకు హద్దును గలదు. పిల్లలు వారమునకు 40 గంటలు వినినచో ధ్వని 75 డెసిబెల్సు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

ఇన్నియు చెప్పిన పిమ్మట, అసలైన కొలబద్ద యంత్రములో లేదు. సెన్బగవల్లి అమ్మవారి కోవెలలో నాగస్వరమును, తవిలును ఎదుట నిలిచి వినినవాని చెవిలో నున్నది. పిల్లలను సంవత్సరమున కొన్నిమార్లైనను ప్రత్యక్షమైన కచేరీకి తీసికొని పొండు. నిజమైన ధ్వనిని వినని చెవికి కృత్రిమమైనది ఎట్లు తెలియును?

విరుదునగరపు ఇంటిలో మరునాడు ముందరి స్పీకర్లను బల్లలపైకి దించిరి. సబ్‌వూఫరును మూలనుండి జరిపి తగ్గించిరి. నేలపై జంబుఖానా పరచి, దాని మీద పరుపు వేసిరి. క్రొత్తగా కొనినది ఏమియు లేదు. కిటికీలు అదరలేదు. బాలిక మరల విని, "అవ్వా, ఖ కు ఒత్తు ఉంది" అని చెప్పి, పుస్తకమున దిద్దుకొనెను. తలిదండ్రులు యంత్రమును కొనబోవునప్పుడు తెలిసిన కీర్తన ఒకటి వెంట తీసికొనిపోయి, పిల్లలచేత అందలి మాటలు వ్రాయించి చూతురు గాక. వారు తప్పులేక వ్రాయగలిగినచో ఆ ధ్వని మంచిదే.