మన వాకిలికి తగిన కుక్క

పల్లెలో కుక్కపిల్లను తెచ్చుకునేటప్పుడు చాలామంది ముందు చూసేది రూపం. సెల్‌ఫోన్‌లో చూసిన హస్కీ నీలికళ్ళో, పగ్ ముడతల మొహమో నచ్చి, పట్నం వెళ్ళి వేలు పోసి తెస్తారు. ఆ పిల్ల మన వేసవిని దాటడం మాత్రం దాని ఒంటి నిర్మాణం మీద ఆధారపడి ఉంటుంది. అందుకే జాతి పేరు కంటే ముందు ఎండ సంగతి ఆలోచించాలి.

మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా పాదాల అడుగునే. ఒళ్ళు చల్లబడడానికి అది ఏ మూలకూ చాలదు. నాలుక వేలాడేసి రొప్పడమే దానికి ప్రధానమైన దారి. రొప్పేటప్పుడు గాలి తడి నాలుక మీదుగా, ముక్కు లోపలి సన్నని మడతల మీదుగా వేగంగా సాగుతుంది. ఆ తడి ఆవిరవుతూ రక్తంలోని వేడిని తీసుకుపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి సుమారు 39 డిగ్రీల సెల్సియస్. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీలు కాసినప్పుడు చుట్టూ ఉన్న గాలే దాని ఒంటికంటే వేడిగా ఉంటుంది. కోస్తా ఉక్కపోతలో ఎంత రొప్పినా నాలుక మీది తడి తొందరగా ఆరదు.

పగ్, బుల్‌డాగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు గాలి వెళ్ళే దారే ఇరుకు. హస్కీకి, సెయింట్ బెర్నార్డ్‌కు మంచుదేశాల కోసం ఏర్పడ్డ రెండు పొరల బొచ్చు ఉంటుంది. రేకుల షెడ్డులో, పంచలో వీటిని పెంచడం వాటిని బాధపెట్టడమే. లాబ్రడార్ నెమ్మదైనదే కానీ దానికి ఆకలి ఎక్కువ. వాటిలో దాదాపు నాలుగింట ఒకదానికి, కడుపు నిండిందన్న సంకేతాన్ని అందించే జన్యువులో లోపం ఉందని 2016లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు చూపారు. ఇంటిల్లిపాదీ తలా ఒక ముద్ద వేసే చోట అది తేలిగ్గా ఒళ్ళు చేస్తుంది.

మన ఊరకుక్కను ఒకసారి పరిశీలించండి. పొట్టి బొచ్చు, పొడవు ముక్కు, నిలబడ్డ చెవులు, తేలికైన ఒళ్ళు. ఎవరూ పనిగట్టుకుని తీర్చిదిద్దింది కాదు. ఈ ఎండలో బతికి పిల్లల్ని కన్నవే తరతరాలుగా మిగిలాయి. తిండి విషయంలోనూ కుక్క తోడేలుకు దూరం జరిగింది. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమును తయారుచేసే జన్యువుకు తోడేలులో 2 ప్రతులుంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. కుక్క అన్నం అరిగించుకోగలిగేది అందుకే. అయినా అన్నంతోనే సరిపెట్టకుండా గుడ్డో మాంసమో కలపాలి.

పేరున్న జాతే కావాలంటే మన చుట్టుపక్కలే ఉన్నాయి. కొల్లేరు ప్రాంతపు జోనంగి నున్నటి బొచ్చు కుక్క. బాతుల మందలను తోలడానికి పెంచేవారు. చేపల చెరువులు పెరిగి ఆ బతుకుతెరువు తగ్గడంతో ఇదీ అరుదైపోయింది. కర్ణాటకలోని ముధోల్ కుక్క కంటితో వేటను పసిగట్టి పరిగెత్తే రకం. పొలానికి కాపలాగా బాగుంటుంది కానీ, పెరట్లో కోళ్ళు తిరిగే ఇంటికి తెస్తే చిన్నప్పటి నుంచే వాటి మధ్య పెంచాలి. తమిళనాడులో తెలుగు మాట్లాడే రాజులు స్థిరపడ్డ రాజపాళయం పేరుతో ఉన్న తెల్లకుక్క ధీమాగా కాపలా కాస్తుంది. అయితే దీనిలో పుట్టుచెవుడు కనిపిస్తుంది. చర్మానికి రంగునిచ్చే కణాలు లోపలి చెవికీ అవసరం. తెల్లకుక్కల్లో కొన్నిటికి అవి అక్కడ లేకపోవడంతో పుట్టిన కొద్ది వారాలకే వినికిడి పోతుంది. కొనేముందు పిల్లను విడిగా కూర్చోబెట్టి, దానికి కనబడకుండా వెనక నుంచి తాళాలగుత్తి ఆడించండి. తోడుపిల్లల మధ్య ఉంటే అవి తిరిగిన వైపు అదీ తిరుగుతుంది, చెవుడు బయటపడదు.

ఇక గుణం. ఫలానా జాతి కరుస్తుంది, ఫలానాది కరవదు అని చెప్పేస్తుంటారు. అమెరికాలో 18 వేలకు పైగా కుక్కల వివరాలతో 2022లో వచ్చిన అధ్యయనంలో, కుక్కకూ కుక్కకూ మధ్య ఉన్న ప్రవర్తన తేడాల్లో జాతితో ముడిపడ్డవి దాదాపు 9 శాతమే. ఎంత తొందరగా రెచ్చిపోతుందన్నది జాతిని బట్టి దాదాపు తెలియనే తెలియదు. గుణానికి పునాది మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పడుతుంది. ఆ రోజుల్లో పిల్లలు, ముసలివాళ్ళు, ఆవులు, మేకలు, ట్రాక్టరు చప్పుడు అలవాటైన పిల్ల పెద్దయ్యాక బెదరదు. అలాగని తల్లి నుంచి మరీ ముందే విడదీయకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడాన్ని 2017 నాటి కేంద్ర నిబంధనలు నిషేధించాయి.

ఏ జాతిదైనా మూడు నెలలకు రేబిస్ టీకా, ఆపైన డాక్టరు చెప్పిన ప్రకారం బూస్టరు, ఏటా మళ్ళీ టీకా తప్పనిసరి. నట్టల మందు, గోమార్ల నివారణ కూడా మరవకూడదు. టీకా వేసిన కుక్కయినా ఎవరినైనా కరిస్తే గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మా సలహా సూటిగా ఇదీ: సాధువైన తల్లికి పుట్టిన చురుకైన ఊరకుక్క పిల్లను తెచ్చుకోండి. కొనే డబ్బును టీకాలకు, తిండికి, కుటుంబనియంత్రణ ఆపరేషనుకు ఖర్చు పెట్టండి. ఇంటికి కాపలా దొరుకుతుంది, ఊళ్ళో దిక్కులేని పిల్లల సంఖ్యా తగ్గుతుంది.