ముడి పడితే క్యాన్సర్ కణం ఎందుకు ఆగుతుంది?

ఆర్మూరు పసుపు రంగు ప్రధానంగా కర్కుమిన్ అనే చిన్న అణువుదే. ప్రయోగశాలలో అది క్యాన్సర్ కణాల పెరుగుదలను తగ్గించింది. తింటే మాత్రం రక్తంలోకి చేరేది బహు స్వల్పం. పసుపు పాలు తాగండి, మందనుకోకండి!

కర్కుమిన్ సంగతి అలా ఉంచితే, అసలు ఓ చిన్న అణువు క్యాన్సర్ కణాన్ని ఎలా ఆపగలదు? ఒక దారి చూద్దాం. కణం రెండు కావాలంటే ముందు డీఎన్ఏకి నకలు తీయాలి. గ్వానిన్ అనే డీఎన్ఏ అక్షరం ఎక్కువున్న చోట పోగు తనమీదే మడతపడి, నాలుగు వరుసల ముడి అవుతుంది. మనిషి కణాల్లో ఈ ముడులను 2013లో కేంబ్రిడ్జిలో శంకర్ బాలసుబ్రమణియన్ బృందం చూపించింది. ఆయన పుట్టింది మన పక్కనే, చెన్నైలో.

మామూలుగా హెలికేజ్ ఎంజైములు ముడి విప్పేస్తాయి. బల్లపరుపు అణువొకటి ముడికి అతుక్కుంటే విప్పడం కష్టం. నకలు పని అక్కడే ఆగి, పోగు తెగుతుంది. మామూలు కణం చాలావరకు దాన్ని బాగుచేసుకుంటుంది. బీఆర్‌సీఏ జన్యువు చెడిన క్యాన్సర్ కణానికి ఆ శక్తి లేదు, చచ్చిపోతుంది. సీఎక్స్-5461 అనే ఇలాంటి అణువును రోగుల మీద పరీక్షించారు కూడా. ఎండ తగిలితే చర్మం కమలడం దానితో వచ్చిన చిక్కు.