27తో ఒక రైలు ప్రయాణం



మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. ఇప్పుడు ఎమ్మెస్సీ గణితం చదువుతున్నాను. మన వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, నేను గెలిచిన లెక్క కాకుండా ఓడిపోయిన లెక్క గురించి చెప్పాలనిపించింది.

ఆ లెక్క ఇది. ఏదో ఒక సంఖ్య తీసుకోండి. అది సరి సంఖ్య అయితే సగం చేయండి. బేసి సంఖ్య అయితే మూడుతో గుణించి ఒకటి కలపండి. వచ్చినదానికి మళ్ళీ ఇదే చేయండి. ఉదాహరణకు 6తో మొదలుపెడితే 3, 10, 5, 16, 8, 4, 2, 1 వస్తాయి. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా చివరకు 1 వస్తుందా? దీన్ని కొలాట్జ్ సమస్య అంటారు. జర్మనీ గణిత శాస్త్రవేత్త లోథర్ కొలాట్జ్ పేరు మీద వచ్చింది. ఐదో తరగతి పిల్లవాడికి కూడా అర్థమయ్యే ఈ ప్రశ్నకు ఇంతవరకు జవాబు దొరకలేదు.

ఒకసారి హిందూపురంలో రైలెక్కి ధర్మవరంలోని ఇంటికి వెళ్తూ 27తో మొదలుపెట్టాను. పెనుకొండ స్టేషన్ వచ్చినా సంఖ్య ఎక్కుతూ దిగుతూనే ఉంది. 77వ అడుగులో 9232 దాకా ఎక్కింది. అక్కడి నుంచి దిగి, ధర్మవరం చేరేలోపు 111వ అడుగులో 1 అయింది.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. బేసి సంఖ్యను మూడు రెట్లు చేసి ఒకటి కలిపితే తప్పకుండా సరి సంఖ్యే వస్తుంది. దాన్ని మళ్ళీ బేసి సంఖ్య వచ్చేదాకా సగం చేస్తూ పోతే, సగటున రెండుసార్లు సగం చేయాల్సి వస్తుంది. అంటే మూడు రెట్లు పెరిగినది నాలుగో వంతుకు తగ్గుతుంది. మొత్తం మీద ముప్పావు వంతు అవుతుంది. ఇలా తగ్గుతూ పోయేది 1కి రాక ఎక్కడికి పోతుంది? లెక్క తేలిపోయిందనుకున్నాను! నాయనకు, స్నేహితులకు అందరికీ చెప్పేశాను.

మా సారు కాగితం చదివి ఒకే మాట అడిగారు. "ఒకటి కలపకుండా ఒకటి తీసేస్తే నీ సగటు మారుతుందా?"

"మారదు సార్."

"అయితే 5తో చేసి చూడు."

చేశాను. 5, 14, 7, 20, 10, మళ్ళీ 5. గానుగెద్దులా అక్కడే తిరుగుతోంది, 1 రానే రాదు. అదే సగటు, అదే వాదన, ఫలితం మాత్రం తప్పు. సగటున తగ్గినంత మాత్రాన ప్రతి సంఖ్యా తగ్గాలని లేదని అప్పుడు తెలిసింది.

ఆ రోజు సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఇంటికి వెళ్ళి చెబితే మగ్గం మీదున్న నాయన, "పడుగులో ఒక్క పోగు తెగినా నేత ఆపి ముడి వేయాల్సిందే కదరా, దానికి ఏడుస్తారా?" అన్నాడు.

తర్వాత చదివితే తెలిసింది. 2020 నాటికే కంప్యూటర్లతో 21 అంకెల సంఖ్యల దాకా సరిచూశారు, అన్నీ 1కే వచ్చాయి. అయినా అది నిరూపణ కాదు. 2019లో టెరెన్స్ టావో చాలా దూరం వెళ్ళాడు కానీ, "దాదాపు అన్ని సంఖ్యలూ" అన్నచోట ఆగాడు. ఒకే సూత్రాన్ని మళ్ళీ మళ్ళీ ప్రయోగిస్తే ఏమవుతుందన్న ఇలాంటి ప్రశ్నల మీద మన తెలుగువాడూ పనిచేశాడు. గుంటూరు జిల్లా యాజలిలో పుట్టిన మతుకుమల్లి వెంకట సుబ్బారావు (1921–2006) గారు, ప్రపంచ ప్రసిద్ధుడైన పాల్ ఎర్డోష్‌తో కలిసి 1972లో దీనిపై వ్యాసం ప్రచురించారు.

తమ్ముళ్ళూ, పది ఉదాహరణలు సరిపోయాయని లెక్క అయిపోయిందనుకోకండి. మీ వాదనలో తెగిన పోగును మీరే వెతకండి. ఎవరైనా చూపిస్తే బాధపడకండి. ఈ లెక్కకు కావలసింది ఒక పెన్ను, నోటుపుస్తకంలో వెనక పేజీ, అంతే. ఈ రాత్రి 27తో మొదలుపెట్టండి.