కోత తగ్గింది, చూపు పెరిగింది: గొంతు వైద్యంలో విశేషాలు

❖ ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు. ఆ బంగారు అంగళ్ల వీధిలో అద్దం ముందు నిలబడి గొలుసు వేసి చూసుకుంటున్న ఆడవాళ్లను గమనించండి. గొలుసు వాలే చోటికి కాస్త పైనే థైరాయిడ్ ఆపరేషన్ కోత పడుతుంది. మెడ మీద సహజంగా ఉండే ముడతలో కోస్తే మచ్చ అందులో కలిసిపోతుందని సర్జన్లు వందేళ్ల పైనుంచీ ఆ గీతనే పట్టుకున్నారు. అయినా పెళ్లి కావాల్సిన పిల్లకు గొంతుగడ్డ అని తేలితే తల్లి మొదటి ప్రశ్న "మచ్చ పడుతుందా సార్?" అనే. గడ్డ మంచిదా చెడ్డదా అన్నది రెండో ప్రశ్న. నవ్వుకోవాల్సిన పని లేదు, ప్రపంచంలో మచ్చ కనబడని థైరాయిడ్ ఆపరేషన్లు పుట్టింది ఆ మొదటి ప్రశ్నలోంచే.

❖ ఆ ఆపరేషన్లకు పుట్టిల్లు ఆసియా. జపాన్, కొరియా డాక్టర్లు మెడను వదిలిపెట్టి చంకలోంచి, రొమ్ము పక్కనుంచి దారి చేసుకుంటూ వెళ్లారు. దక్షిణ కొరియాలో సియోల్‌లోని యోన్సే విశ్వవిద్యాలయంలో 2007లో చంకలోంచి రోబో చేతులతో థైరాయిడ్ తీయడం మొదలైంది. ఆ తర్వాత బ్యాంకాక్‌లో అంగూన్ అనువాంగ్ అనే సర్జన్ ఇంకా దగ్గరి దారి పట్టారు. కింది పెదవి లోపల, చిగురుకూ పెదవికీ మధ్య మూడు చిన్న రంధ్రాలు. వాటిలోంచి కెమెరా, పరికరాలు గడ్డం ఎముక మీదుగా చర్మం కిందనే మెడలోకి దిగుతాయి. మొదటి 60 మంది రోగుల ఫలితాలను ఆయన 2016లో ప్రచురించారు. బయట చర్మం మీద గీత కూడా ఉండదు.

❖ ఇక్కడ నా మాట ఒకటి. 'చిన్న రంధ్రం' అనగానే చిన్న ఆపరేషన్ అనుకోవద్దు. నోట్లోంచి వెళ్లినా, చంకలోంచి వెళ్లినా లోపల తీసేది అదే గ్రంథి, కాపాడాల్సినవి అవే నరాలు. మత్తు కూడా పూర్తి మత్తే. పైగా దారి పొడుగవుతుంది, సమయం ఎక్కువ పడుతుంది. మెడ మీద కోసే పాత పద్ధతిలో చెయ్యి తిరిగిన సర్జన్ మన దగ్గర్లో ఉంటే, కొత్త పద్ధతి పేరు విని దూరాభారాలు పోవాల్సిన అవసరం అందరికీ ఉండదు.

❖ అసలు కోతే లేని పద్ధతీ ఉంది. మంచి గడ్డే అని తేలాక, అంటే సన్న సూదితో రెండుసార్లు పరీక్ష చేసి క్యాన్సర్ కాదని నిర్ధారించుకున్నాక, దాన్ని తీయకుండా లోపలే వేడితో మాడ్చేస్తారు. పేరు రేడియో ఫ్రీక్వెన్సీ అబ్లేషన్. మనిషి మెలకువగానే ఉంటాడు. మెడకు తిమ్మిరి మందు ఇస్తారు. అల్ట్రాసౌండ్ తెర మీద గడ్డ నల్లగా కనిపిస్తుంటే సూది మొన అందులోకి దిగుతుంది. మొన చుట్టూ తెల్లటి బుడగలు లేస్తాయి. అక్కడ కణజాలం ఉడికిపోయిందని అర్థం. డాక్టర్ సూదిని ఒకచోట ఉంచడు, లోతు నుంచి పైకి, పక్కకు, కొంచెం కొంచెంగా జరుపుతూ పోతాడు. ఈ జరిపే పద్ధతికి పదును పెట్టింది కొరియా రేడియాలజిస్టులు. మధ్యమధ్య "ఏమ్మా, ఒక మాట మాట్లాడు" అంటాడు. మర్యాదకు కాదు, గొంతు నరానికి వేడి తగలలేదని గొంతు విని తెలుసుకోవడానికి. నరానికీ గడ్డకూ మధ్య ఎడం కోసం చల్లని 5 శాతం డెక్స్‌ట్రోజ్ నీళ్లు ఎక్కిస్తారు. ఉప్పునీళ్ల సెలైన్ వాడరు, అది కరెంటును పారనిస్తుంది కాబట్టి. మాడిన గడ్డను ఒళ్లే నెమ్మదిగా పీల్చేసుకుంటుంది. ఏడాదిలో సగానికి పైగా కుంచించుకుపోతుంది, చాలామందిలో ఇంకా ఎక్కువే. గడ్డ లోపల నీరే ఎక్కువగా ఉంటే ఇంత హంగామా కూడా అక్కర్లేదు. ఆ నీరు లాగేసి ఆల్కహాల్ ఎక్కిస్తారు, తాగేది కాదు లెండి.

❖ కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత థైరాయిడ్ చరిత్రలో అక్షరాలా జరిగింది. స్విట్జర్లాండ్‌లో థియోడర్ కోకర్ అనే సర్జన్ గొంతుగడ్డలను నెత్తురు కారకుండా, ఓపిగ్గా, గ్రంథి మొత్తం తీసేసేవాడు. రోగులు బతికారు, పేరొచ్చింది. కొన్నేళ్లకు వాళ్లను పిలిపించి చూస్తే చాలామంది మొహాలు ఉబ్బి, చురుకు పోయి, మందకొడిగా మారిపోయి ఉన్నారు. పిల్లలైతే ఎదుగుదలే ఆగిపోయింది. ఆ సంగతిని ఆయనే 1883లో లోకానికి చెప్పాడు, దాచలేదు. థైరాయిడ్ లేకుండా మనిషి మనలేడని వైద్యానికి తెలిసిరావడంలో అది పెద్ద మలుపు. 1909లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ బహుమతి పొందిన మొదటి సర్జన్ ఆయనే.

❖ మరి గ్రంథి పోయినవాళ్ల గతేమిటి? 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ మర్రే అనే డాక్టర్ గొర్రె థైరాయిడ్ రసాన్ని ఒక 46 ఏళ్ల ఆవిడకు సూదితో ఎక్కించాడు. ఆమె కోలుకుని, అదే వైద్యం మీద మరో 28 ఏళ్లు బతికింది. అందుకోసం 870కి పైగా గొర్రెల గ్రంథులు ఖర్చయ్యాయంటారు. ఇవాళ పొద్దున్నే పరగడుపున వేసుకునే ఆ చిన్న మాత్ర దానికి వారసురాలే. కాఫీతో కలిపి మింగితే మాత్రం సరిగా ఒంటికి పట్టదు. ఐరన్, క్యాల్షియం బిళ్లలకూ దానికీ 4 గంటలు ఎడం ఉండాలి.

❖ గొంతు లోపల స్వరతంతులు కదలడాన్ని బతికున్న మనిషిలో చక్కగా చూసి వర్ణించింది డాక్టర్ కాదు, సంగీతం మేష్టారు. మాన్యుయెల్ గార్సియా, స్పెయిన్ మనిషి. 1854లో పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దాన్ని తన గొంతులో పెట్టుకుని, చేతి అద్దంతో ఎండను దాని మీదికి కొట్టించి, తన గొంతును తానే చూసుకున్నాడు. ఎండ కావాలంటే ప్రొద్దుటూరుకు రావాల్సింది, ఆయనకు కరువేముండేది కాదు. నూరేళ్లు దాటి బతికాడు.

❖ అద్దం నుంచి కెమెరా దాకా వచ్చిన దారిలో మనవాళ్ల అడుగులు లెక్కపెట్టదగ్గవి. పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ లండన్‌లో హారొల్డ్ హాప్కిన్స్‌తో కలిసి వేల గాజు పోగులను కట్టగట్టి, వంపు తిరిగినా బొమ్మ పోకుండా పంపవచ్చని 1954లో 'నేచర్' పత్రికలో చూపించాడు. ముక్కులోంచి దూర్చి గొంతు చూసే వంగే గొట్టానికి మూలం అదే. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ 1964లో అమెరికా బెల్ ల్యాబ్స్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజర్ కనిపెట్టాడు. 1972కల్లా బోస్టన్ డాక్టర్లు దానితో స్వరపేటిక మీద పని చేశారు. ఇక టాన్సిల్స్ తీయడానికి ఇప్పుడు ఎక్కడ చూసినా వినబడే 'కోబ్లేషన్' ఉంది కదా, దాన్ని కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు భారతీయ మూలాలున్న హీరా థప్లియాల్. ఉప్పునీటిలో కరెంటు పంపి 40 నుంచి 70 డిగ్రీల వేడిలోనే కండను కరిగించే పద్ధతి. గుండె రక్తనాళాల పూడిక తీయడానికి దారి వెతుకుతూ దాని మీద పడ్డారు, అది కాస్తా టాన్సిల్స్‌కు పనికొచ్చింది.

❖ ఇక మన శెనక్కాయ, అంటే వేరుశెనగ సంగతి. జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో శెనక్కాయలు వలిచేటప్పుడు చంటిపిల్లలు పక్కనే ఆడుకుంటుంటారు. దవడ పళ్లు రాని పిల్ల గింజను నమలలేదు. నోట్లో పెట్టుకుని నవ్వినా, ఏడ్చినా, పరిగెత్తినా ఊపిరితో పాటు అది గాలిగొట్టంలోకి జారుతుంది. మన దేశంలో పిల్లల గాలిగొట్టాల్లోంచి డాక్టర్లు తీసేవాటిలో శెనగ్గింజదే పెద్దపీట. ఒక్కసారి గట్టిగా దగ్గి, ఉక్కిరిబిక్కిరై, తర్వాత పిల్ల మామూలైపోతుంది. ఇంట్లోవాళ్లు మరిచిపోతారు. అదే ప్రమాదం. గింజలోని నూనెకు ఊపిరితిత్తి గొట్టం వాచిపోతుంది. వారం పది రోజులకు ఆయాసం, జ్వరం. ఉబ్బసమనో నిమోనియా అనో మందులు నడుస్తాయి. ఎక్స్‌రేలో గింజ కనబడదు. గాలి లోపలికి పోయి బయటికి రాలేక ఆ వైపు ఊపిరితిత్తి ఉబ్బి ఉండటం మాత్రం కనబడవచ్చు. అందుకే డాక్టర్‌కు ఎక్స్‌రే కన్నా "ఆ రోజు గింజలు తింటూ పొలమారింది సార్" అన్న అవ్వ మాటే విలువైనది.

తీయడం ఎలాగంటే, మత్తిచ్చి, నోట్లోంచి సన్నని లోహపు గొట్టం గాలిగొట్టంలోకి దింపుతారు. పిల్ల ఆ గొట్టంలోంచే ఊపిరి పీలుస్తుంది, డాక్టర్ అందులోంచే చూస్తాడు, పట్టకారూ అందులోంచే వెళుతుంది. గట్టిగా నొక్కితే నానిన గింజ చిట్లి ముక్కలు ఇంకా లోతుకు పోతాయి. మెత్తగా పట్టి, గొట్టంతో సహా వెనక్కి తీయాలి. కోత లేదు, కుట్టు లేదు. ఈ విద్యకు మూలపురుషుడు జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో పనిచేసిన గుస్టావ్ కిల్లియన్. 1897లో ఒక రైతు ఊపిరి గొట్టంలో ఇరుక్కున్న పంది ఎముకను ఇలాగే తీశాడు. జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్ల క్యాంబెల్ ఆసుపత్రి వేళ్లూనుకుంటున్న రోజులు కూడా దాదాపు అవే.

4 ఏళ్లలోపు పిల్లలకు గింజలు అట్లాగే ఇవ్వకూడదు, పొడి చేసో ముద్ద చేసో పెట్టొచ్చు. పొలమారిన పిల్ల దగ్గుతుంటే దగ్గనివ్వండి. గొంతులో వేలు పెట్టి కెలకొద్దు. దగ్గూ ఏడుపూ కూడా రాకపోతే, ఏడాదిలోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి వీపు మీద 5 దెబ్బలు, వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య 5 నొక్కులు. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

❖ అమెరికా డాక్టర్ షెవాలియర్ జాక్సన్ తన జీవితంలో జనం గొంతుల్లోంచి తీసిన వస్తువులను పారేయకుండా దాచాడు. పిన్నీసులు, నాణేలు, బొత్తాలు, ఎముకలు: మొత్తం 2,374. ఫిలడెల్ఫియాలో మ్యూటర్ మ్యూజియంలో సొరుగుల నిండా ఉన్నాయి. పిల్లలు తాగేసి అన్నవాహిక కాల్చుకునే క్షారాల సీసాల మీద హెచ్చరిక చీటీ తప్పనిసరి చేయాలని పోరాడిందీ ఆయనే. 1927లో అమెరికాలో చట్టం వచ్చింది. బంగారం శుద్ధి చేసే ప్రొద్దుటూరు లాంటి ఊళ్లో ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి. కూల్‌డ్రింక్ సీసాలో యాసిడ్ పోసి పెట్టడం మనకు మామూలే. అది తాగి బతికిన పిల్లకు అన్నవాహిక ముడుచుకుపోతే, బెలూన్ పెట్టి విడతలు విడతలుగా సాగదీయాలి. ఆ తిరుగుడు ఏళ్ల తరబడి ఉంటుంది.

❖ రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో కొందరికి ఇంటికొచ్చాక గురకలాంటి శబ్దంతో ఊపిరి ఆడకపోవడం మొదలవుతుంది. గొట్టం ఒరుసుకున్న చోట గాలిగొట్టం సన్నబడటమే కారణం. కోవిడ్ తర్వాత ఇవి బాగా కనిపించాయి. ఆస్తమా పంపులు వాడుతూ కూర్చోకుండా చెవి ముక్కు గొంతు డాక్టర్‌కు చూపించాలి. మచ్చ కణజాలాన్ని లేజర్‌తో గీసి బెలూన్‌తో వెడల్పు చేయడం తొలి మెట్టు.

❖ పులివెందులలో 1973లో తండ్రి రాజారెడ్డి పేరుతో 70 పడకల ఆసుపత్రి పెట్టిన డాక్టర్, అంతకుముందు కొంతకాలం జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిలో పని చేశారు. పేరు వై.ఎస్. రాజశేఖరరెడ్డి. ముఖ్యమంత్రిగా 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ వైద్య పథకం మొదలుపెట్టారు. థైరాయిడ్ తీసే ఆపరేషన్లు ఆ జాబితాలోకి వచ్చాయి. అయినా మనవాళ్లలో చాలామంది గొంతు గడ్డ అనగానే బస్సెక్కేది తిరుపతికో, రాయవేలూరికో.

❖ గొంతు నరం తిక్క దారి చూడండి. మెదడు నుంచి బయల్దేరిన నరం గొంతు పక్కనుంచే రొమ్ములోకి దిగిపోతుంది. ఎడమవైపు కొమ్మ గుండె దగ్గరి పెద్ద రక్తనాళం చుట్టూ తిరిగి, మళ్లీ పైకొచ్చి స్వరపేటికకు చేరుతుంది. ఆ తిరుగు ప్రయాణంలో థైరాయిడ్ వెనకనుంచి పోతుంది కాబట్టే సర్జన్లకు అదంటే భయం. రెండో శతాబ్దంలోనే గేలెన్ అనే వైద్యుడు అరుస్తున్న పందిలో ఆ నరం కోసి, అరుపు ఠక్కున ఆగిపోవడాన్ని జనం ముందు చూపించాడు. ఇప్పుడు ఆపరేషన్ జరుగుతుండగా నరానికి చిన్న కరెంటు తగిలించి, స్వరపేటిక కదిలితే శబ్దం చేసే యంత్రాలున్నాయి. నరం దెబ్బతిని గొంతు పీలగా పోయినవాళ్లకు జపాన్ డాక్టర్ ఇషికి 1974లో ఒక ఉపాయం చెప్పాడు. స్వరపేటిక పక్క మృదులాస్థికి చిన్న కిటికీ చేసి, లోపలికి ఒక దిమ్మ తోసి, కదలని తంతును మధ్యకు జరపడం. రోగి మెలకువగా ఉండి మాట్లాడుతుంటే, గొంతు బాగా పలికిన చోట దిమ్మను ఆపుతారు.

❖ చింతకాయ తొక్కు తలుచుకోగానే దవడ కింద ఉబ్బి నొప్పి, గంటకు తగ్గిపోతుందా? అది పంటి నొప్పి కాకపోవచ్చు. లాలాజల గ్రంథి గొట్టంలో రాయి అడ్డం పడి, ఊరిన నీరు బయటికి రాలేక ఉబ్బుతుంది. మిల్లీమీటరున్నర లావు కూడా లేని కెమెరాను నాలుక కింది రంధ్రంలోంచే దూర్చి, తీగ బుట్టతో రాయిని లాగేస్తారు.

❖ థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత ఉండే పారాథైరాయిడ్ గ్రంథులను మొదట గుర్తించింది మనిషిలో కాదు, ఇండియా నుంచి పోయిన ఖడ్గమృగంలో. లండన్ జూలో అది 1849లో చచ్చిపోతే రిచర్డ్ ఓవెన్ కోసి చూశాడు. మనిషిలో వర్ణించింది 1880లో స్వీడన్ వైద్య విద్యార్థి సాండ్‌స్ట్రోమ్. చెడిన గ్రంథిని తీసేశాక దాని హార్మోన్ నెత్తుట్లో నిమిషాల్లోనే పడిపోతుంది. 10 నిమిషాలకు పరీక్ష చేసి, సగానికి పైగా తగ్గిందని తేలితే మిగతా మెడ వెతక్కుండానే కుట్టేస్తారు.

❖ చూపు పెరగడానికీ ఒక హద్దుండాలి. దక్షిణ కొరియాలో చాలామందికి మెడ స్కానింగులు చేసుకుంటూ పోతే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్లు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. దాంతో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం మారలేదు. జపాన్‌లో కోబేలోని కుమా ఆసుపత్రి 1993 నుంచీ సెంటీమీటరు లోపు, అపాయం తక్కువ రకం గడ్డలను కోయకుండా స్కాన్‌తో కనిపెట్టుకుని ఉంటోంది. చాలావరకు పెరగనే లేదు.

❖ సూది కూడా లేని గొంతుగడ్డ వైద్యాన్ని మన దేశంలో నిరూపించింది మన తెలుగాయనే. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో, లక్షమంది దాకా జనం మధ్య, ప్రాంతాల వారీగా అయోడిన్ కలిపిన ఉప్పూ, కలపని ఉప్పూ ఇప్పించి ఏళ్ల తరబడి మెడలు తడిమి చూశారు. కలిపినచోట గడ్డలు తగ్గుముఖం పట్టాయి. 1962లో జాతీయ గొంతువాపు నియంత్రణ కార్యక్రమం వచ్చింది. ఇవాళ వంటింటికి చేరే ఉప్పులో కనీసం 15 పీపీఎం అయోడిన్ ఉండాలన్నది నిబంధన. తేమకూ ఎండకూ అది తగ్గిపోతుంది. కిటికీ గట్టు మీద మూత లేని ఉప్పు డబ్బా ఉంటే లోపలికి జరపండి.