సింగిల్ కాయిల్ పికప్: తేటదనానికీ రొదకూ ఒకటే మూలం

ఎలక్ట్రిక్ గిటార్ తీగల కింద అమర్చి, వాటి కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరాన్ని పికప్ అంటారు. మామూలు గిటార్‌లో బోలు చెక్కపెట్టె చేసే పనిని ఇక్కడ పికప్, యాంప్లిఫయర్ పంచుకుంటాయి కనుక, శ్రోత చెవిని చేరే నాదం తీరు చాలావరకు పికప్ దగ్గరే తేలిపోతుంది. ఒకే రాగి చుట్ట ఉన్న పికప్‌ను సింగిల్ కాయిల్ అనీ, జంట చుట్టలున్నదాన్ని హంబకర్ అనీ వ్యవహరిస్తారు. తేటదనం, గలగలలాడే పై స్వరాలు, మీటు పడిన తొలిక్షణంలోని పదును సింగిల్ కాయిల్‌కు పేరు తెచ్చిన గుణాలైతే, వాయించినా వాయించకున్నా వెనుక వినబడే గుయ్యిమనే రొద దానికి అప్రతిష్ఠ తెచ్చిన దోషం. ఈ గుణదోషాలు రెండూ ఒకే నిర్మాణం నుంచి పుట్టినవి కావడం వల్ల, ఒకదాన్ని వదిలించుకునే ప్రయత్నం రెండోదాన్నీ కొంత హరిస్తుంది.

ఈ పరికరానికి ఆధారం 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ, అంటే వైరు చుట్టలో నుంచి పోయే అయస్కాంత అభివాహం మారినప్పుడు ఆ చుట్టలో వోల్టేజీ పుట్టడం. ఫెండర్ సంస్థ 1954లో విడుదల చేసిన స్ట్రాటోకాస్టర్ గిటార్‌లోని పికప్‌ను చూస్తే, ఇనుములో అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపి చేసిన ఆల్నికో అనే మిశ్రలోహపు కడ్డీలు తీగకొకటి చొప్పున ఆరు నిలువుగా ఉంటాయి. వాటి చుట్టూ మిల్లీమీటరులో దాదాపు పదహారో వంతు మందమున్న రాగి వైరును సుమారు 8,000 చుట్లు చుడతారు. కడ్డీ పైనున్న ఉక్కు తీగ దాని అయస్కాంత క్షేత్రంలో తానూ అయస్కాంతమై, కంపించినప్పుడల్లా చుట్టలోని అభివాహాన్ని మారుస్తుంది. నైలాన్ తీగలు వేస్తే ఈ పికప్ మూగబోవడానికి కారణం ఇదే. పుట్టే వోల్టేజీ తీగ ఎంత దూరం జరిగిందన్నదాన్ని బట్టి కాక ఎంత వేగంగా కదిలిందన్నదాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, త్వరత్వరగా కంపించే పై స్వరాల వైపు సంకేతం మొదటి నుంచే కొంత మొగ్గుతుంది.

మీటిన తీగ ఒక్క స్వరాన్నే పలకదు. మూల పౌనఃపున్యంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు ఉండే అనుస్వరాలు కూడా అదే తీగలో ఒకేసారి కంపిస్తాయి. వాటి పాళ్లే నాదగుణాన్ని నిర్ణయిస్తాయి. ప్రతి అనుస్వరానికీ తీగ మీద కొన్ని కదలని బిందువులుంటాయి, వీటినే అస్పందన స్థానాలంటారు. పికప్ సరిగ్గా అలాంటి చోట ఉంటే ఆ అనుస్వరం దానికి వినబడదు. స్ట్రాటోకాస్టర్ మోగే తీగ పొడవు సుమారు 648 మిల్లీమీటర్లు కాగా, దాని మూడు పికప్‌లలో మెడ వైపుది, తీగలు ఆనే బ్రిడ్జ్ నుంచి దాదాపు 162 మిల్లీమీటర్ల దూరంలో, అంటే నాలుగో వంతు దగ్గర ఉంటుంది కనుక ఖాళీ తీగ మీటినప్పుడు నాలుగో అనుస్వరం దాదాపు మాయమవుతుంది. పన్నెండో మెట్టు మీద నొక్కితే మోగే పొడవు సగమై, అదే పికప్ సరిగ్గా నడిమధ్యకు వస్తుంది. అప్పుడు సరిసంఖ్య అనుస్వరాలన్నీ సన్నగిల్లి, నాదం వేణువును తలపించేంత గుండ్రంగా మారుతుంది. బ్రిడ్జ్ పక్కనున్న పికప్ దగ్గర తీగ మూలస్వరంలో కొద్దిగానే ఊగుతుంది గానీ, పై అనుస్వరాలు పుష్కలంగా ఉంటాయి కాబట్టి అక్కడి నాదం సన్నగా, కరుకుగా వినిపిస్తుంది. ఈ పికప్‌ను ఏటవాలుగా అమర్చడంతో అది మంద్రస్థాయి తీగలను బ్రిడ్జ్‌కు కాస్త దూరంగానూ, పై తీగలను మరింత చేరువగానూ వింటుంది.

సింగిల్ కాయిల్ తీగలో ఇరుకైన భాగాన్నే వింటుంది. హంబకర్‌లోని రెండు చుట్టలు రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ ఎడంతో రెండు చోట్ల వింటాయి గనుక, తరంగదైర్ఘ్యం తక్కువగా ఉండే పై అనుస్వరాలు వాటి మధ్య కొంతవరకు పరస్పరం రద్దయిపోతాయి.

తేటదనానికి ఇంకో మూలం విద్యుత్ వలయంలో ఉంది. ప్రవాహంలో మార్పును ఎదిరించే గుణమైన ప్రేరకత్వం చుట్టకు సుమారు 2.2 హెన్రీలు ఉంటుంది. దానికి గిటార్‌ను యాంప్లిఫయర్‌తో కలిపే కేబుల్ కెపాసిటెన్స్ జతపడినప్పుడు, ఒక పౌనఃపున్యం దగ్గర సంకేతం ఉబ్బెత్తుగా లేచి, ఆపైన వేగంగా పడిపోతుంది. దీన్నే అనునాదం అంటారు. కేబుల్, చుట్ట కలిపి 600 పికోఫారడ్‌లనుకుంటే ఆ శిఖరం 4,400 హెర్ట్జ్ దగ్గర నిలుస్తుంది. మానవ శ్రవణం అతిసున్నితంగా ఉండే 2,000 నుంచి 5,000 హెర్ట్జ్‌ల పరిధిలోనే ఇది పడడం వల్ల చెవికి మెరుపుగా తోస్తుంది. కేబుల్ పొడవు రెట్టింపు చేస్తే అదే శిఖరం 3,200 హెర్ట్జ్ దాకా దిగి, పికప్ మార్చకుండానే నాదం మెత్తబడుతుంది. ఆ విధంగా కేబుల్ కూడా పికప్‌లో ఒక భాగమే. దుకాణాల్లో నాణ్యతకు గుర్తుగా చూపే 6 కిలో ఓమ్‌ల వంటి నిరోధపు కొలత ఈ శిఖరం సంగతి నేరుగా చెప్పదు.

చుట్ట ఒక్కటే అయినంత మాత్రాన నాదం ఒకేలా ఉండదనడానికి గిబ్సన్ సంస్థ 1946లో తెచ్చిన పీ-90 నిదర్శనం. వెడల్పుగా, పొట్టిగా ఉండే ఈ చుట్టలో సుమారు 10,000 చుట్లు ఉండి, అయస్కాంతాలు అడుగున పడుకుని, ఉక్కు మరలు తీగల దగ్గరికి క్షేత్రాన్ని చేరవేస్తాయి. ప్రేరకత్వం ఎక్కువ కావడంతో దీని నాదం దళసరిగా, మధ్యస్థాయిలో బలంగా ఉంటుంది.

ఇక రొద విషయం. వేల చుట్ల చుట్టకు తీగ తెచ్చిన మార్పుకూ, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చిన మార్పుకూ తేడా తెలియదు. భారతదేశంలో 50 హెర్ట్జ్, అమెరికాలో 60 హెర్ట్జ్ సరఫరా ఉన్నందున ఆ స్వరమూ, దాని గుణిజాలూ సంకేతంలో కలిసిపోతాయి. గిబ్సన్ ఇంజనీరు సేత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన హంబకర్‌లో రెండు చుట్టలు ఎదురెదురు దిశల్లో చుట్టి, వాటి అయస్కాంత ధ్రువాలు కూడా తారుమారు చేశారు. దాంతో తీగ సంకేతాలు కూడుకుంటే, బయటి రొద తీసివేత అయిపోతుంది. అయితే చుట్టలు వరుసగా కలిసినప్పుడు ప్రేరకత్వం పెరిగి అనునాద శిఖరం కిందికి దిగుతుంది, కనుక రొదతో పాటు మెరుపు కూడా తగ్గుతుంది.

స్ట్రాటోకాస్టర్ వాద్యకారులు కనిపెట్టిన దారి వేరు. పికప్‌ను ఎంచుకునే మూడు స్థానాల స్విచ్‌ను రెండు స్థానాల మధ్య ఇరికించి నిలిపితే రెండు పికప్‌లు సమాంతరంగా కలిసి, ప్రేరకత్వం సుమారు సగమై, వేర్వేరు చోట్ల విన్న కొన్ని అనుస్వరాలు రద్దయి, బోలుగా గణగణలాడే నాదం వచ్చేది. 1977లో ఫెండర్ ఐదు స్థానాల స్విచ్‌తో దీన్ని స్థిరపరిచింది. తర్వాతి నమూనాల్లో చాలావాటిలో మధ్య పికప్‌ను తిరగేసి చుట్టి, ధ్రువాలు మార్చడం వల్ల ఆ రెండు నడిమి స్థానాల్లో రొద కూడా పోతుంది.

కాబట్టి నాదం నచ్చనివారు పికప్‌ను మార్చే ముందు దాని ఎత్తు, కేబుల్ పొడవు సరిచూసుకోవడం మేలు. ఆల్నికో కడ్డీలను తీగకు మరీ దగ్గరగా ఎత్తితే అయస్కాంతపు లాగుడు కంపనాన్నే చెడగొట్టి, స్వరం వంకరపోతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లు దించితే ధ్వని స్థాయి కొంత తగ్గినా, సింగిల్ కాయిల్‌కు పేరు తెచ్చిన తేటదనం తిరిగి కుదురుకుంటుంది.